డేగ రెక్కల శాలువా

పోయిన ఆదివారం మా అమ్మాయి తన్వి వానలో తడిసిన, ఈకలు కూరిన డౌన్ జాకెట్‌ని తెచ్చి డ్రయర్‌లో పడేసింది. కాసేపయ్యాక నేను వెళ్ళి దాని తలుపు తీశాను. వేడి ఆవిరి మొహాన కొట్టింది. ఆవిరితో పాటే తడి ఈకల వాసన. కోళ్ళగూటి వాసనకీ వెంట్రుక కాలిన వాసనకీ మధ్యలో ఎక్కడో ఉంటుందది. ఎవరికైనా ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. తన్వి మూసుకుంది కూడా. "యక్, అమ్మా! తడిసిన డక్ లాగా స్మెల్ వస్తోంది" అంది. నేను మాత్రం ఆ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అట్లాంటాకి ఉత్తరాన అల్ఫారెట్టాలో ఉన్న మా ఇంటి లాండ్రీ గది నా చుట్టూ లేదప్పుడు. అట్లాంటాకి దక్షిణాన, ఒక సినిమా స్టూడియో వెనకాల, రేకుల కప్పు కింద స్టీలు గంగాళాల్లో ఈకలు ఉడుకుతున్న గది ఉంది. ఆ ఆవిర్ల మధ్య మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, తెల్లజుట్టుని ముడి చుట్టి అందులో పెన్సిలు గుచ్చుకుని, మార్గిట్ నిలబడి ఉన్నారు.

మార్గిట్‌ని మీలో ఎవరూ చూసి ఉండరు. ఆవిడ చేతిపని మాత్రం చాలామంది చూసే ఉంటారు. నార్వే, ఐస్‌లాండ్ వైపు పాత పురాణాలున్నాయి కదా. ఉరుముల దేవుడు, ఒంటికన్ను తండ్రి దేవుడు, భూమి చుట్టూ చుట్టుకుని పడుకున్న సముద్రసర్పం, ఆఖరికి దేవతలే కూలిపోయే మహాయుద్ధం. వాటిని అల్లుకుని తీసిన ఒక సూపర్‌హీరో సినిమాకి రెండో భాగం అది. పేరు రాయను. పేరెత్తనని సంతకం పెట్టి పని చేసిన అలవాటు ఇంకా పోలేదు. అందులో ఒక దేవత కోటగోడ మీంచి దూకి, భుజాల మీది ఈకల శాలువా విప్పుకుని, మంటల మీదుగా ఎగురుతుంది. దాన్ని అందరూ క్లోక్ అంటారు. నాకు మాత్రం మొదటి రోజు నుంచీ అది శాలువాయే. కంప్యూటర్‌లో గీసింది కాదు, నిజంగా ఉంది. ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. దాన్ని చేయించినావిడ మార్గిట్. దాని రంగు నేను వేశాను. ఈ చివరి వాక్యాన్ని ఇలా సూటిగా రాయగలగడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య కాదు.

విశాఖపట్నంలో కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, పెళ్ళయ్యాక శ్రీధర్‌తో ఈ దేశం వచ్చాను. తనకి ఉద్యోగం చేసే వీసా, నాకు తన మీద ఆధారపడే వీసా. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. చేయకూడని కాలం ఏళ్ళుగా సాగింది. తర్వాత చేసుకోవచ్చునని పర్మిట్ చేతికొచ్చింది గానీ, ఇంటర్వ్యూలో ప్రతివాళ్ళూ ఒకటే ప్రశ్న: ఇన్నాళ్ళూ ఏం చేశారు? ఏం చేశానో చెప్పడానికి నా దగ్గర మాట ఉండేది కాదు. అలాంటి రోజుల్లో తన్వి స్కూల్లో పక్షుల నాటకం వేశారు. తన్వి అప్పుడు సెకండ్ గ్రేడ్. పిల్లల రెక్కలకి రంగు వేయడానికి ఎవరైనా ముందుకు రావాలంటే నేను చెయ్యెత్తాను. కొన్నవి కావు, పాత దిండ్లలోంచి తీసిన ఈకలు, వంటింటి పొయ్యి, వెనిగర్, నాకు తెలిసిన కాస్త కెమిస్ట్రీ. నెమలి వేసిన పాప వెలుతుర్లోకి రాగానే హాలంతా ఒక్కసారి 'ఓ' అంది.

నాటకం అయ్యాక జిమ్‌లో పిల్లలూ తల్లులూ కుకీలు తింటూ గోలగోలగా ఉండగా, పొడుగ్గా, కాస్త వంగిన భుజాలతో ఒకావిడ మా గుంపు దగ్గరకొచ్చారు. ఆవిడ చెల్లెలి మనవరాలు నాటకంలో కాకి అట. ఆవిడ ఇంగ్లీషులోనే మాట్లాడారు, ఎప్పుడూ అంతే. కానీ ఎందుకో ఆవిడ మాటలన్నీ నాకు తెలుగులోనే గుర్తున్నాయి.

"ఆ నెమలి రంగు ఎవరు వేశారు?"

"మదర్స్ అందరం కలిసి చేశాం" అన్నాను.

ఆవిడ నా మొహం చూడలేదు, చేతులు చూశారు. గోళ్ళ చుట్టూ నీలం ఇంకా వదల్లేదు. తర్వాత చుట్టూ ఉన్న మిగతా తల్లుల చేతుల్ని కూడా, తొందరేమీ లేకుండా, ఒక్కొక్కళ్ళవీ చూసుకుంటూ వచ్చారు. అందరివీ శుభ్రంగా, మానిక్యూర్ చేయించుకుని మెరుస్తున్నాయి.

"అందరూ కలిసి చేస్తే నీ గోళ్ళొక్కటే ఎందుకు నీలంగా ఉన్నాయి?"

నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. జేబులోంచి పెన్ను తీసి, కుకీల కింద వేసిన పేపర్ నాప్‌కిన్ మీద ఒక అడ్రస్ రాసి నా చేతికిచ్చారు. "సోమవారం రా. పాడైనా ఫరవాలేని బట్టలు వేసుకుని రా" అన్నారు.

ఇంటికొచ్చి చెబితే శ్రీధర్ నమ్మలేదు. "సినిమావాళ్ళా? స్కామ్ ఏమో వసూ. ముందు గూగుల్ చేసి చూడు" అన్నాడు. చూశాక, ఆవిడ పని చేసిన సినిమాల వరస చదువుతూ చదువుతూ గొంతు తగ్గించేశాడు. "అయినా ఫోర్ హండ్రెడ్ హైవే మీద ఆ ట్రాఫిక్‌లో రోజూ డ్రైవ్ చేస్తావా, ఊరికి ఈ చివర్నించి ఆ చివరికి?" అన్నాడు. "చేస్తాను" అన్నాను. చాలా ఏళ్ళ తర్వాత నాకు వెళ్ళడానికి ఒక చోటు దొరికింది. దూరం ఒక లెక్కా?

ఆ గదిలో నేను నేర్చుకున్న మొదటి సంగతి, ఈ దేశంలో డేగ ఈక ఒక్కటి ఇంట్లో పెట్టుకున్నా నేరమేనని. అందుకని మాకు వచ్చేవి బాతు ఈకలు, టర్కీ కోడి ఈకలు. తెల్లగా, ఏ కథా తెలియనట్టు ఉండేవి. వాటిని ఉడికించి, రంగు పట్టించి, ఆరబెట్టి, ఒక్కో ఈక మీదా సన్నటి కుంచెతో చారలు గీసి డేగ ఈకలు చేయాలి. తర్వాత డెనిస్ బృందం వాటిని వరస మీద వరసగా వల లాంటి గుడ్డకి కుట్టాలి. డెనిస్ అట్లాంటాలోనే పుట్టి పెరిగింది. సూది పట్టుకుంటే పాట ఆగేది కాదు, పాట ఆగితే సూది నడిచేది కాదు. మార్గిట్ వీళ్ళందరి మీదా పెద్ద. అయినా కేకలు ఉండవు. ఏదైనా నచ్చకపోతే, దాని పక్కన ఒక స్టూలు వేసుకుని కూర్చుని చూస్తూ ఉంటారు. చేసినవాళ్ళే కాసేపటికి వచ్చి "మళ్ళీ చేస్తాను" అనేవాళ్ళు.

మధ్యాహ్నం నా పులిహోర ఆవిడకి కావాలి. ఆవిడ తెచ్చుకునే బంగాళాదుంప రొట్టె నాకు కావాలి. పల్చగా, కాస్త మాడిన చుక్కలతో, మా ఇంటి రొట్టెకి చుట్టంలా ఉండేది. వాళ్ళ అమ్మమ్మ నార్వే నుంచి చిన్నప్పుడే మినెసోటా వచ్చి, అక్కడి పొలాల్లో ఈ రొట్టెలు కాలుస్తూ, ఆ పాత దేవుళ్ళ కథలు చెబుతూ మనవరాళ్ళని పెంచిందట. ఒకరోజు అలా తింటూ ఉండగా అడిగాను: "ఈ శాలువా మీద మీకెందుకంత పట్టుదల? దుస్తులు ఇంకా చాలా ఉన్నాయి కదా, కవచాలున్నాయి, కిరీటాలున్నాయి."

మార్గిట్ వేళ్ళు తుడుచుకున్నారు. "మా అమ్మమ్మ కథల్లో ఈ శాలువా ఆ దేవతదే. కప్పుకుంటే డేగలా ఎగరొచ్చు. ఉరుముల దేవుడి సుత్తి పోతుంది. వెతకాలి, నీ శాలువా ఇవ్వు అని వస్తారు. ఇస్తుంది. యవ్వనాన్నిచ్చే పళ్ళున్న దేవతని రాక్షసుడు ఎత్తుకుపోతాడు. తేవాలి, నీ శాలువా ఇవ్వు అని మళ్ళీ వస్తారు. ఇస్తుంది. మరి ఆవిడెప్పుడు ఎగురుతుంది అమ్మమ్మా, అని అడిగాను ఒకసారి. మా అమ్మమ్మ పెనం మీది రొట్టె తిప్పడం ఆపింది. 'ఆ కథ నాకెవరూ చెప్పలేదే' అంది."

మొదటి భాగం సినిమాలోనూ అంతేనట. దేవత శాలువా తీసి హీరో చేతికిచ్చి పక్కకి తప్పుకుంటుంది. అది చేసినప్పుడు మార్గిట్ ఏమీ అనలేదు, స్క్రిప్టులో ఏముంటే అదే. రెండో భాగం మొదలయ్యేనాటికి ఆవిడ రిటైరవుదామనే నిశ్చయంతో ఉన్నారు. మర్యాదకి చదువుదామని స్క్రిప్టు తెరిస్తే, యుద్ధం సీనులో ఒక పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయిందట. హీరో శాలువా కోసం చెయ్యి చాపుతాడు. దేవత ఈసారి ఇవ్వదు. తనే కప్పుకుంటుంది. "ఆ ఒక్క పేజీ కోసం ఉండిపోయాను" అన్నారు మార్గిట్. "ఏడేళ్ళ పిల్లనప్పుడు అడిగిన ప్రశ్నకి జవాబు ఈ వయసులో వస్తుంటే, రిటైరయి చేపలు పట్టుకోమంటావా?"

శాలువా తయారైంది. ఎండలోకి తెచ్చి పరిస్తే నిజంగా ఓ పెద్ద డేగ రెక్కలు చాచి పడుకున్నట్టే ఉంది. డెనిస్ పాట కూడా ఆపేసి చూసింది. మర్నాడు కెమెరా టెస్టు. షూటింగ్ జరిగే పెద్ద షెడ్డులో, ఆ యుద్ధం సీనుకి వాడే హాలోజన్ లైట్ల కింద, ఒక బొమ్మకి శాలువా తొడిగి కెమెరా ముందు పెట్టారు. అందరం మానిటర్ వైపు తిరిగాం. మానిటర్లో ఉన్నది డేగ కాదు. మగ్గిన వంకాయ. ఈకలన్నీ ఎర్రగా, ఊదాగా, తడి మెరుపుతో కనిపిస్తున్నాయి. తల తిప్పి మామూలు కళ్ళతో చూస్తే గోధుమరంగే. మళ్ళీ మానిటర్ చూస్తే వంకాయే. "గ్రేప్ జెల్లీ" అని డెనిస్ గొణిగింది.  కెమెరామన్ ఒక ఫిల్టర్ వేసి చూశాడు. రంగు కాస్త సర్దుకుంది గానీ పక్కన నిలబడ్డ, దేవత వేషం వేసే నటి మొహం పాలిపోయింది. ఆ ఫిల్టర్ తీసేశారు.

ఆ మధ్యాహ్నమే మీటింగ్. నాలాంటివాళ్ళు వెళ్ళే మీటింగ్ కాదది. "నాతో రా" అని మార్గిట్ తీసుకెళ్ళారు. డైరెక్టరు చిన్నవాడు, మంచివాడు, నిద్ర లేని కళ్ళతో ఉన్నాడు. "మార్గిట్, ఆ క్లోక్ అంటే నాకు ప్రాణం. కానీ టైం లేదు. ఆవిడ మామూలు గుడ్డ కప్పుకుని దూకుతుంది, ఈకలన్నీ తర్వాత కంప్యూటర్‌లో వి.ఎఫ్.ఎక్స్. వాళ్ళు వేస్తారు. సారీ" అన్నాడు. గదిలో అందరూ బల్ల వైపు చూస్తున్నారు. మార్గిట్ ఏదో వాదిస్తారనుకున్నాను. ఆవిడ వాదించలేదు.

"రంగు గురించి రంగు వేసిన మనిషిని అడుగు" అన్నారు, అంతే.

తలలన్నీ నా వైపు తిరిగాయి.  నిజానికి పొద్దున మానిటర్ చూసినప్పటి నుంచీ నా బుర్రలో కారణం తిరుగుతూనే ఉంది. మా గోధుమరంగు ముదురుగా రావడానికి అందులో నల్లరంగు కలిపాం. ఆ నలుపు మన కంటికి అందని ఎర్రటి వెలుగుని వెనక్కి తిప్పికొడుతోంది. కన్ను చూడలేనిది కెమెరా చూస్తోంది. అది చెప్పాను, ఎలాగో తడబడుతూ. తర్వాత, "మేం... వి కెన్ ట్రై ఎ డిఫరెంట్ మిక్స్" అన్నాను.

"మేం అంటే ఎవరు?" అన్నారు మార్గిట్, పక్క కుర్చీలోంచి, నెమ్మదిగా. "నాకైతే కెమిస్ట్రీ రాదు. డెనిస్‌కీ రాదు. ఇంకెవరైనా ఉన్నారా ఆ గదిలో?"

ఒకరిద్దరు నవ్వారు. ఎగతాళి నవ్వు కాదు. నేను కుర్చీలో ముందుకి జరిగాను. "నేను. నేను చేయగలను. నలుపు పూర్తిగా తీసేసి పై వరసలన్నీ కొత్తగా వేస్తాను. ఆ లైటు ఒకటి, కెమెరా ఒకటి మా గదిలోకి ఇప్పించండి. వచ్చే శుక్రవారం చూడండి."

ఆ గొంతు నాదేనా అనిపించింది. డైరెక్టరు మార్గిట్ వైపు తిరిగి, "ఫ్రైడే?" అన్నాడు.

"నన్ను చూడకు. చెప్పింది ఆమె" అన్నారు మార్గిట్.

అతను నా వైపు తిరిగాడు. ఒక్క క్షణం చూసి, "ఓకే. ఫ్రైడే" అన్నాడు.

ఆ సాయంత్రం ట్రాఫిక్‌లో కారు ఆగినచోటల్లా ఒకటే ఆలోచన. అంత మంది ముందు అంత మాట ఎందుకన్నానా అని. ఇంటికొచ్చి శ్రీధర్‌కి చెబితే, ధైర్యం చెప్పబోయి, "ఆ రంగు రాకపోతే ఏమవుతుంది వసూ? మహా అయితే జాబ్ పోతుంది. ఇదివరకు లేనిదే కదా" అన్నాడు. నా మొహం చూసి వెంటనే, "రేపట్నుంచి తన్విని నేను పికప్ చేస్తాను. వంట కూడా నాదే. నువ్వు ఆ రంగు సంగతి చూడు" అన్నాడు. ఆ వారం మా ఇంట్లో రోజూ టమాటా పప్పే. ఇప్పటికీ దానికి మించిన వంట నేను తినలేదు.

రంగు ఒక పట్టాన లొంగలేదు. నలుపు లేకుండా ముదురు గోధుమరంగు రావాలంటే నీలం, పసుపు, తుప్పు రంగు ఒకదానికొకటి సరిగ్గా తూకం కుదరాలి. కుదిరిందనుకుంటే కెమెరాలో పాచిరంగు. సర్దితే బురద. ఇంకా సర్దితే ఏ ప్రాణమూ లేని అట్టముక్క. గాజు బీకర్లలో కాసిన్ని ఈకలు ఉడికించడం, ఆరబెట్టడం, లైటు కింద పెట్టడం, కెమెరాలో చూడటం, పారేయడం. ఇవతల నేను ఇలా ఉంటే అవతల డెనిస్ బృందం శాలువా పై వరసల కుట్లు విప్పేస్తోంది. వాళ్ళు అన్నాళ్ళు కుట్టినదాన్ని నా మాట మీద విప్పుతున్నారు. ఆ కత్తెర చప్పుడు వింటూ పని చేయడం ఎలాంటిదో మాటల్లో చెప్పలేను.

మార్గిట్ ఒక్కసారి కూడా "ఎంతవరకు వచ్చింది?" అని అడగలేదు. స్టూలు వేసుకుని కూర్చోనూ లేదు. ఒక మధ్యాహ్నం వెనక్కి తిరిగి చూస్తే, నేను వాడి పడేసిన గంగాళాలన్నీ సింకు దగ్గర పెట్టుకుని, చొక్కా చేతులు పైకి మడుచుకుని తోముతున్నారు. నా ప్రాణం చివుక్కుమంది. అమ్మ వయసు మనిషి, పైగా నా బాసు.

"మీరు లేవండి, ప్లీజ్. అవి నేను తోముకుంటాను" అన్నాను, చేతిలోంచి పీచు లాక్కోబోతూ.

ఆవిడ ఇవ్వలేదు. "పెద్దవాళ్ళు గిన్నెలు తోమకూడదని మీ దేశంలో రూలుందా?"

"ఉంది" అన్నాను.

"మా మినెసోటాలో లేదు. ఈ వారం రంగు నీ పని. గిన్నెలు నా పని. పో, నీ బీకరు పొంగుతోంది."

పొంగుతున్నది నిజమే. పరుగెత్తి మంట తగ్గించేలోగా, నీలం ఇంకా కలపని ఆ ఈకలు పొంగి పక్కనున్న చన్నీళ్ళ గిన్నెలో పడ్డాయి. తీసి కొంచెం నీలం నీళ్ళల్లో అలా ముంచి, పెద్ద ఆశ లేకుండానే కెమెరా కింద పెట్టాను. మానిటర్లో గోధుమరంగు వచ్చింది. మధ్యలో వెచ్చగా, కొసలకి వచ్చేసరికి ఉక్కు బూడిద రంగులోకి జారిపోతూ. నేను అన్నిటినీ ఒకేసారి ఉడికించడమే పొరపాటు. పసుపు, తుప్పురంగు ముందు పట్టాలి, చల్లారాలి, నీలం ఆ మీద పల్చగా రావాలి. ఇంకోసారి చేశాను, కావాలనే. వచ్చింది. ఇంకోసారి. వచ్చింది. "డెనిస్!" అని అరిచాను. ఆ గదిలో నేనెప్పుడూ అరిచి ఎరగను. కుట్టేవాళ్ళందరూ సూదులు చేతుల్లోనే పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. మార్గిట్ సబ్బునురగ చేతులతోనే వచ్చి, మానిటర్ దగ్గరికి వంగి, ఎంతోసేపు చూశారు. "అమ్మమ్మా" అన్నారు, నార్వే మాటలో, చాలా చిన్నగా. తర్వాత నడుం నిటారు చేసి, "అన్ని ఈకలూ ఇలాగే. మొదలుపెట్టండి" అన్నారు.

శుక్రవారం పొద్దున శాలువాని ఇద్దరం మోసుకెళ్ళాం, డెనిస్ ఒకవైపు, నేను ఒకవైపు. రంగులు వేసేవాళ్ళు సెట్ మీదకి వెళ్ళే ఆచారం లేదు. శాలువా అప్పగించి వెనక్కి తిరిగితే మార్గిట్ నా భుజం పట్టుకుని కెమెరా పక్కనే నిలబెట్టారు. "పని గదిలో పూర్తి కాదు. ఇక్కడ పూర్తవుతుంది. చూడు" అన్నారు. నటి నడుముకి తీగలు కట్టారు. శాలువా భుజాలకెక్కించారు. ఆవిడ ఒక ఈక మీద వేలితో నిమిరి, చుట్టూ చూసి, "ఇది ఇంత అందంగా ఎవరు చేశారు?" అంది. మార్గిట్ పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డారు, తనకి సంబంధం లేనట్టు. "కుట్టింది డెనిస్ వాళ్ళు. రంగు నేను వేశాను" అన్నాను. ఈసారి తడబడలేదు. నటి చెయ్యి చాపి నా చెయ్యి నొక్కింది.

పెద్ద ఫ్యాన్లు తిరిగాయి. ఆవిడ కోటగోడ అంచు మీంచి దూకింది. ఒక్క క్షణం రాయిలా కిందకి. గాలి శాలువా కిందకి దూరింది. మెడ దగ్గర్నించి మడమల దాకా ఈకలన్నీ వరసలు వరసలుగా లేచి, పరుచుకుని, విప్పారాయి. ఆ చప్పుడు ఏ సినిమాలోనూ వినిపించదు. వేల పక్షులు ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు ఉంది. మానిటర్లో ఉన్నది వంకాయ కాదు, కంప్యూటర్ కాదు, డేగ. ఎగురుతున్నది ఆవిడే. "కట్" అన్న మాట కూడా ఎవరూ వినలేదు. లైట్లు పట్టుకునేవాళ్ళు, తీగలు లాగేవాళ్ళు, వడ్రంగులు, ఎవరికి వాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు. డైరెక్టరు కుర్చీలోంచి లేచి, "అదే! అదే నాకు కావాల్సింది!" అని కేకలు పెడుతూ మా వైపు పరుగెత్తుకొచ్చాడు. మార్గిట్ నా మణికట్టు పట్టుకుని, కుస్తీ గెలిచినవాడి చెయ్యి ఎత్తినట్టు, నా చేతిని పైకెత్తి పట్టుకున్నారు. చప్పట్లు ఇంకా పెరిగాయి. అప్పటి దాకా నా చెయ్యిని ఎవరూ అలా ఎత్తలేదు.

సినిమా ఎడిటింగ్ అంతా అయిన తర్వాత, చివర్లో వేసే పేర్ల వరస మా ఆఫీసుకి వచ్చింది. మా విభాగానికి మార్గిట్ పేరొక్కటే ఉంది. రంగులవాళ్ళ పేర్లు, కుట్టేవాళ్ళ పేర్లు వేసే చోటు లేదన్నారు. ఆవిడ అక్కడికక్కడే ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు. అవతలి మనిషి మర్యాదగానే, కుదరదని చెప్పాడు. "సరే, అయితే నా పేరు తీసెయ్. ఆ చోటు ఖాళీ అవుతుంది కదా. అక్కడ వసుధ, డెనిస్ అని వెయ్" అన్నారు. నేను వద్దని చేతులూపాను. ఆవిడ నా చేతుల్ని ఈగల్ని తోలినట్టు తోలేశారు. "నా పేరు జనం చాలా సినిమాల్లో చూశారు, విసుగెత్తి ఉంటారు" అని ఫోన్ పెట్టేశారు. ఆ సంగతి డైరెక్టరు దాకా వెళ్ళింది. వారం తిరక్కుండా కొత్త వరస వచ్చింది. మూడు పేర్లూ ఉన్నాయి. "శుక్రవారం అని చెప్పిన మనిషి పేరు లేకుండా నా సినిమా రిలీజ్ కాదు" అన్నాడట.

రిలీజైన శనివారం అల్ఫారెట్టాలో మా ఇంటి దగ్గరి థియేటర్‌కి వెళ్ళాం. మార్గిట్ అంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చారు. మా వీధిలోని తెలుగువాళ్ళందరూ పిల్లలతో సహా తరలివచ్చారు. హీరో చెయ్యి చాపాడు. దేవత శాలువా ఇవ్వలేదు.  ఆవిడ గోడ మీంచి దూకి రెక్కలు విప్పేసరికి ముందు వరసల పిల్లలంతా లేచి నిలబడి అరిచారు. పిల్లలతో పాటు నా పక్క సీటు కూడా ఖాళీ అయింది. మార్గిట్ లేచి నిలబడ్డారు. రెండు చేతులూ తలపైకెత్తి, ఫుట్‌బాల్ మ్యాచ్‌లో గోల్ కొట్టినట్టు చప్పట్లు కొడుతున్నారు. వెనక సీటులో ఎవరో కూర్చోమంటే, "కూర్చోను! చిన్నప్పటి నుంచీ ఎదురుచూస్తున్నాను!" అని వెనక్కి తిరగకుండానే జవాబిచ్చారు.

మామూలు సినిమాల్లో పేర్లు పడే వేళకి జనం పార్కింగ్ లాట్‌లో ఉంటారు. సూపర్‌హీరో సినిమాలది వేరే సంగతి. పేర్లన్నీ అయ్యాక ఇంకో చిన్న సీను ఉంటుందని అందరికీ తెలుసు, ఎవరూ లేవరు. హాలు హాలంతా కూర్చుని ఆ పేర్లు పైకి పాకిపోవడం చూస్తూ ఉంటారు. వచ్చింది. మార్గిట్ పేరు, దాని కింద డెనిస్ పేరు, దాని కింద నా పేరు. తన్వి సీటెక్కి నిలబడి, "దేర్! అమ్మా, నీ నేమ్! దట్స్ మై మామ్!" అని హాలు అదిరేలా అరిచింది. శ్రీధర్ విజిల్ వేయబోయాడు, రాలేదు. మార్గిట్ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, మినెసోటా పొలాల్లో ఆవుల్ని పిలిచే ఈల వేశారు. మా వీధివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఏమిటో ఎందుకో తెలియని అపరిచితులు కూడా మా వైపు తిరిగి కొట్టారు. ఏళ్ళ తరబడి ఇంటర్వ్యూల్లో తల దించుకున్న మనిషిని నేను. ఆ చప్పట్ల మధ్య తలెత్తి కూర్చున్నాను.

ఆ తర్వాత మార్గిట్ నిజంగానే రిటైరయి మినెసోటా వెళ్ళిపోయారు, చేపలు పట్టుకోవడానికి. వెళ్తూ రంగుల గది తాళాలు నా చేతిలో పెట్టారు. పెద్ద మాటలేమీ చెప్పలేదు. "కిటికీ దగ్గర పంపు కారుతోంది, చూసుకో" అన్నారు. ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. రెండేళ్ళ కిందటి చలికాలంలో ఆవిడ పోయారు. చివరి రోజుల్లో హాస్పిటల్ గది టీవీలో ఆ సినిమా వస్తుంటే, నర్సులందర్నీ కేకేసి పిలిచి, "చూడండి, చూడండి, ఇప్పుడు ఎగురుతుంది. ఆ రంగు మా వసుధ వేసింది" అని చూపించారట. ఆ మాట వాళ్ళ చెల్లెలు ఫోన్లో చెబుతూ ఏడుస్తూ నవ్వింది. నేనూ అంతే.

ఇప్పుడు ఆ గదిలో నా కింద కొంతమంది పని చేస్తున్నారు. ఏ వస్త్రం గది దాటి వెళ్ళినా, ఎవరూ పిలవకపోయినా, దాని వెనకాలే సెట్ మీదకి వెళ్ళి కెమెరా పక్కన నిలబడతాను. రంగు వేసినవాళ్ళని వెంట తీసుకెళ్తాను. పోయిన నెల ఒక చిన్న సినిమా. రోసా అనే కొత్తమ్మాయి మొదటిసారి తనంతట తాను రంగు వేసిన ఎర్రకోటు అది. చేతిలో వాకీటాకీ పట్టుకున్న కుర్రాడు మమ్మల్ని ఆపాడు. "మేడమ్, ఇక్కడ మీకు పనేమైనా ఉందా?" అన్నాడు. రోసా వెనక్కి తగ్గబోయింది. నేను ఆ అమ్మాయి వీపు మీద చెయ్యి వేసి ఒక అడుగు ముందుకి నెట్టాను. "ఉంది. ఆ కోటు రంగు ఈమెది. చూసుకోవడానికి వచ్చింది" అన్నాను. ఆ కుర్రాడు కోటు వైపు చూశాడు, రోసా వైపు చూశాడు, పక్కకి జరిగి కెమెరా దగ్గర చోటిచ్చాడు. లైట్లు వెలిగాయి. కోటు నిప్పుకణికలా ఎర్రగా మెరిసింది.